ఆండ్రాయిడ్, ఐఓఎస్ సీనియర్లకి ఫ్లట్టర్ నేర్పించడం ఎలా?

"మా టీమ్‌లో అందరూ ఏడెనిమిదేళ్ళ ఎక్స్‌పీరియన్స్ ఉన్నవాళ్ళే, వచ్చే క్వార్టర్ నుంచి కొత్త యాప్ ఫ్లట్టర్‌లో అంటున్నారు, ట్రైనింగ్ నన్ను ఇమ్మన్నారు, ఎక్కడ మొదలుపెట్టాలి?" ఈ ప్రశ్న ఎంతమంది అడిగారో లెక్కలేదు, అందరికీ విడివిడిగా మెసేజ్ పెట్టే ఓపిక లేక ఒకేసారి ఇక్కడ రాసేస్తున్నా. తెలియనివాళ్ళకి: ఫ్లట్టర్ అంటే ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్, ఐఓఎస్ రెండింటికీ యాప్ చేసే గూగుల్ టూల్‌కిట్, అందులో రాసే లాంగ్వేజ్ డార్ట్.

ముందే ఒక మాట. ఫ్రెషర్స్‌కి చెప్పే కోర్సే తీసుకొచ్చి వీళ్ళ ముందు పెట్టారనుకోండి, వేరియబుల్ అంటే ఏంటి అనే స్లైడ్ దగ్గరే సగం మంది మెయిల్స్ చూసుకుంటూ కూర్చుంటారు, తాతకు దగ్గులు నేర్పినట్టు ఉంటుంది వ్యవహారం. వీళ్ళకి సింటాక్స్ ఒక పూటలో వచ్చేస్తుంది. వీళ్ళని ఇబ్బంది పెట్టేది పాత అలవాటు, నేటివ్‌లో (ఆండ్రాయిడ్‌కి, ఐఓఎస్‌కి విడివిడిగా రాసే పద్ధతిలో) ఇన్నేళ్ళు కరెక్ట్‌గా పనిచేసిన ఆలోచనే ఇక్కడ తప్పు ఆన్సర్ ఇస్తుంది. కాబట్టి మీ ట్రైనింగ్ మొత్తం ఆ తప్పు ఆన్సర్ వచ్చే చోట్ల చుట్టూనే తిరగాలి, మిగతాది వాళ్ళే డాక్యుమెంటేషన్ చదువుకుంటారు.

కావలసినవి

- బ్యాచ్‌కి ఎనిమిది, పదిమంది. అంతకన్నా ఎక్కువైతే ఎవరి స్క్రీన్ మీద ఏముందో మీకు కనపడదు.
- రోజుకి రెండు గంటలు, పొద్దున్న పూట, రెండు వారాలు. మూడు రోజులు ఏకధాటిగా పెట్టమంటారు మేనేజర్లు, ఒప్పుకోకండి. మధ్యలో చేసి చూసుకునే టైమ్ లేకపోతే విన్నదంతా గాల్లో కలిసిపోతుంది.
- అందరి మెషీన్లలో ఒకే ఫ్లట్టర్ వెర్షన్. ఎఫ్‌వీఎమ్ అనే టూల్ వాడితే ప్రాజెక్ట్‌కి ఒక వెర్షన్ ఫిక్స్ చేసి పెట్టుకోవచ్చు.
- ఐఓఎస్ బిల్డ్ చూపించడానికి కనీసం ఒక మ్యాక్. మ్యాక్ లేకుండా ఐఓఎస్ బిల్డ్ అవ్వదు, దానికి షార్ట్‌కట్ వెతక్కండి.
- నిజమైన ఆండ్రాయిడ్ ఫోన్లు ఒకటి రెండు, తక్కువ రేటువైతే ఇంకా మంచిది.
- మీ కంపెనీ యాప్‌లోనే ఇప్పుడున్న రెండు స్క్రీన్లు, ఒకటి లిస్ట్, ఒకటి దాని డీటెయిల్స్. డెమో యాప్ కోసం వెతకొద్దు, ఇవే మీ సిలబస్.

8 జీబీ ర్యామ్ లాప్‌టాప్‌లు ఉన్నవాళ్ళకి ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లోనే నడిచే నకిలీ ఫోన్) వద్దు, యూఎస్‌బీ డీబగ్గింగ్ పెట్టి ఫోన్ మీదే రన్ చేయించండి. ఫోన్ కూడా లేకపోతే క్రోమ్‌లో రన్ చేయొచ్చు గానీ అక్కడ ఫైల్ సిస్టమ్ కోడ్ నడవదు, సర్వర్‌కి వెళ్ళే ఏపీఐ కాల్స్‌కి కార్స్ ఎర్రర్లు (వేరే సర్వర్‌తో మాట్లాడకుండా బ్రౌజర్ అడ్డుకోవడం) వస్తాయి, కాబట్టి లేఅవుట్ సెషన్ల వరకే.

1. సెటప్ ముందు రోజే అయిపోవాలి

సెటప్ సరిగ్గా ఉందో లేదో చెప్పే ఫ్లట్టర్ డాక్టర్ కమాండ్ కొట్టి వచ్చిన అవుట్‌పుట్ స్క్రీన్‌షాట్ గ్రూప్‌లో పెట్టమనండి. అది పచ్చగా ఉన్నంత మాత్రాన నమ్మొద్దు, కొత్త ప్రాజెక్ట్ ఒకటి క్రియేట్ చేసి ఒకసారి రన్ చేసిన స్క్రీన్‌షాట్ కూడా కావాలనండి, ఎందుకంటే మొదటి బిల్డ్ అప్పుడే ఆండ్రాయిడ్ బిల్డ్ టూల్ గ్రేడిల్ బోలెడు ఫైళ్ళు డౌన్‌లోడ్ చేస్తుంది, ఆఫీస్ ప్రాక్సీ అక్కడే అడ్డుపడుతుంది. పదిమంది కూర్చున్నాక ఐటీ వాళ్ళకి టికెట్ రైజ్ చేస్తే ఆరోజు సెషన్ మర్చిపోవచ్చు.

2. ఎవరు ఎక్కడి నుంచి వస్తున్నారో తెలుసుకోండి

టెస్ట్ పెట్టకండి, సీనియర్లకి అది అవమానంలా తగులుతుంది. టీ తాగుతూ ఒక్కొక్కరితో ఐదు నిమిషాలు మాట్లాడితే చాలు, ఇదివరకు ఏం రిలీజ్ చేశారు, ఏ లాంగ్వేజ్‌లో అని. జావాలో ఎక్స్‌ఎమ్‌ఎల్ లేఅవుట్లు రాసినవాళ్ళకి దారి కాస్త దూరం. కాట్లిన్ వాళ్ళకి నల్ సేఫ్టీ (విలువ ఖాళీగా, అంటే నల్‌గా, ఉండొచ్చో లేదో కంపైలర్ ముందే చూడటం) కొత్తేం కాదు. కంపోజ్ గానీ స్విఫ్ట్‌యూఐ గానీ రియాక్ట్ గానీ (ఇవీ ఫ్లట్టర్ లాగే స్క్రీన్‌ని కోడ్‌లోనే వర్ణించే పద్ధతులు) చేసినవాళ్ళు అందరికన్నా తొందరగా అందుకుంటారు, వీళ్ళని జావా వాళ్ళ పక్కన కూర్చోబెట్టండి. అందరినీ ఒకే స్పీడ్‌లో లాగాలని చూస్తే ఇటు వాళ్ళు నిద్రపోతారు, అటు వాళ్ళు బెదిరిపోతారు.

3. డార్ట్ ఒక్క సెషన్, తేడాలు మాత్రమే

ఫర్ లూప్, క్లాస్, ఇన్హెరిటెన్స్ వదిలేయండి. ఈ నాలుగు మాత్రం చేతితో టైప్ చేయించండి.

మొదటిది నల్ సేఫ్టీ. డార్ట్ 2.12తో 2021లో వచ్చింది, 2023లో డార్ట్ 3 వచ్చాక అది లేకుండా కుదరదు. జావా వాళ్ళు ఎర్ర గీత కనపడగానే వేరియబుల్ చివర ఆశ్చర్యార్థకం పెట్టేసి ముందుకెళ్ళిపోతారు, లేదంటే ముందు లేట్ (విలువ తర్వాత ఇస్తాననే మాట) అని తగిలిస్తారు. రెండూ కంపైలర్ నోరు మూయించడమే, రన్‌టైమ్‌లో క్రాష్ అవుతుంది. అలా పెట్టిన ప్రతిచోటా "ఇది నల్ కాదని నీకెలా తెలుసు అన్నా?" అని అడగండి, జవాబు లేకపోతే తీసేయించండి.

రెండోది ప్రైవేట్. కీవర్డ్ లేదు, పేరు ముందు అండర్‌స్కోర్ పెడితే ప్రైవేట్. కానీ అది క్లాస్ వరకు కాదు, లైబ్రరీ వరకు, అంటే మామూలుగా ఆ ఫైల్ వరకు. ఒకే ఫైల్‌లో రెండు క్లాసులు రాసి ఒకదాని ప్రైవేట్ ఫీల్డ్ ఇంకోదాంట్లో వాడి చూపించండి, జావా వాళ్ళ మొహాలు చూడాలి అప్పుడు.

మూడోది నేమ్డ్ పారామీటర్లు, అంటే ఫంక్షన్‌కి విలువల్ని పేరుతో ఇవ్వడం. పది నిమిషాలు చాలు.

నాలుగోది అసింక్ (జవాబు వచ్చేదాకా మిగతా పని ఆపకుండా నడపడం), ఇక్కడ మాత్రం టైమ్ పెట్టండి. అసింక్ అని రాస్తే బ్యాక్‌గ్రౌండ్ థ్రెడ్‌లోకి వెళ్ళిపోతుందని దాదాపు అందరూ అనుకుంటారు, ఆండ్రాయిడ్‌లో బ్యాక్‌గ్రౌండ్ పనికి వాడిన పాత అసింక్‌టాస్క్ అలవాటు అది. డార్ట్‌లో మీ కోడ్ ఒకే థ్రెడ్ మీద ఈవెంట్ లూప్‌లో నడుస్తుంది. స్క్రీన్ మీద ఒక స్పిన్నర్ తిప్పి, బటన్ నొక్కితే అసింక్ ఫంక్షన్ లోపల కొన్ని వందల కోట్లసార్లు తిరిగే లూప్ పెట్టించండి. రన్ చేసే ముందు స్పిన్నర్ తిరుగుతుందా ఆగుతుందా అని చేతులెత్తించండి. ఆగిపోతుంది. తర్వాత అదే పని ఐసోలేట్ డాట్ రన్‌లోకి (ఐసోలేట్ అంటే విడిగా నడిచే ఇంకో వర్కర్) మార్చి చూపించండి, స్పిన్నర్ తిరుగుతూనే ఉంటుంది. ఇక థియరీ అక్కర్లేదు. ఈ ఎక్సర్‌సైజ్ క్రోమ్‌లో చేయకండి, వెబ్‌లో ఐసోలేట్లు లేవు.

ముందు చెప్పించి తర్వాత రన్ చేయడం అన్నాను కదా, ప్రతి స్టెప్‌లోనూ ఇదే చేయండి. సీనియర్ తప్పు చెప్పినప్పుడే అతనికి ఇంట్రెస్ట్ పుడుతుంది. అందరి ముందు ఒక్కరినే నిలబెట్టి అడగొద్దు గానీ, చిన్నబుచ్చుకుంటారు. కాగితం మీద రాయించండి.

4. లేఅవుట్, ఇక్కడ రెండు మూడు రోజులు ఆగండి

కొత్త ప్రాజెక్ట్‌తో వచ్చే కౌంటర్ యాప్ కోడ్ డిలీట్ చేయించి, ఖాళీ మెయిన్ ఫైల్‌లో ఒక్క ఎర్ర కంటెయినర్ విడ్జెట్ (ఫ్లట్టర్‌లో స్క్రీన్‌ని కట్టే ముక్కలే విడ్జెట్లు), వెడల్పు 100, ఎత్తు 100 పెట్టమనండి. ఏం కనిపిస్తుంది? అందరూ మూలన చిన్న డబ్బా అంటారు. స్క్రీన్ మొత్తం ఎర్రగా అయిపోతుంది. అప్పుడు చెప్పండి రూల్: పేరెంట్ కిందకి కొలతల హద్దులు పంపుతుంది, పిల్ల ఆ హద్దుల్లోపలే సైజ్ ఎంచుకుని పైకి చెబుతుంది, ఎక్కడ కూర్చోవాలో పేరెంట్ డిసైడ్ చేస్తుంది. ఇక్కడ స్క్రీన్ "నువ్వు నా అంతే ఉండాలి" అంది, 100 అనే మాట ఎవరూ వినలేదు. దాన్ని సెంటర్‌లో చుట్టగానే డబ్బా చిన్నదవుతుంది. ఈ ఒక్క రూల్ వంటబడితే లేఅవుట్ ఎర్రర్లలో చాలావరకు వాళ్ళే విడదీసుకుంటారు.

తర్వాత రో, అంటే విడ్జెట్లని అడ్డంగా పేర్చేది. ఒక ఐకాన్, పక్కన జిల్లా పేరు, చివర ఒక బటన్. టెస్ట్ డేటాలో "ఏబీసీ" అని పెడితే అంతా బాగానే ఉంటుంది, అందుకే అది పెట్టనివ్వకండి, "శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు" అని ఇవ్వండి, ఫాంట్ కాస్త పెద్దది చేయండి. పసుపు నలుపు చారలు వచ్చేస్తాయి, ఓవర్‌ఫ్లో. టెక్స్ట్‌ని ఎక్స్‌పాండెడ్‌లో (మిగిలిన జాగా అంతే తీసుకోమనే విడ్జెట్) చుడితే పోతాయి. కొంతమంది ఫాంట్ సైజ్ తగ్గించేస్తారు లేదా వెడల్పు 180 అని నంబర్ కొట్టేస్తారు, వాళ్ళ ఫోన్‌లో సెట్ అవుతుంది, చిన్న ఫోన్‌లో మళ్ళీ చారలు. అందుకే రెండు సైజుల ఫోన్లలో చూపించకపోతే ఆ టాస్క్ ఒప్పుకోవద్దు.

మూడోది కాలమ్ (నిలువుగా పేర్చేది) లోపల లిస్ట్‌వ్యూ (స్క్రోల్ అయ్యే లిస్ట్). అన్‌బౌండెడ్ హైట్ అని పెద్ద ఎర్ర ఎర్రర్ వస్తుంది. గూగుల్ చేస్తే మొదట దొరికే జవాబు ష్రింక్‌వ్రాప్ (లిస్ట్‌ని లోపలున్న ఐటెమ్స్ అంత ఎత్తుకి కుదించే సెట్టింగ్) ట్రూ పెట్టమని, పెట్టి దానిమీద ఒక స్క్రోల్‌వ్యూ చుడితే ఎర్రర్ కూడా మాయమవుతుంది, అందుకే అది అంత ప్రమాదం. ఐటెమ్ బిల్డర్ (ఒక్కో ఐటెమ్ తయారుచేసే ఫంక్షన్) లోపల ఒక ప్రింట్ పెట్టించి లిస్ట్‌లో వెయ్యి ఐటెమ్స్ వేయించండి. ష్రింక్‌వ్రాప్ బదులు లిస్ట్‌ని ఎక్స్‌పాండెడ్‌లో పెట్టిన వాళ్ళ కన్సోల్‌లో స్క్రీన్‌కి పట్టినన్ని, ఇంకొన్ని ఎక్కువ ప్రింట్లు వస్తాయి. స్క్రోల్‌వ్యూలో ష్రింక్‌వ్రాప్ పెట్టినవాళ్ళకి వెయ్యీ వస్తాయి. కనిపించే ఐటెమ్స్ వరకే వ్యూలు తయారుచేసే ఆండ్రాయిడ్ రిసైక్లర్‌వ్యూ ఎందుకు పుట్టిందో తెలిసినవాళ్ళకి ఇంక వివరించాల్సిన పని లేదు, వాళ్ళంతట వాళ్ళే తీసేస్తారు.

5. హాట్ రీలోడ్ ఎక్కడ మోసం చేస్తుందో చూపించండి

సేవ్ కొట్టగానే స్క్రీన్ మారడం చూసి అందరూ మురిసిపోతారు, తర్వాత ఇనిట్‌స్టేట్‌లో (విడ్జెట్ పుట్టినప్పుడు ఒక్కసారే నడిచే ఫంక్షన్) ఏదో మార్చి "రావట్లేదు" అని అరగంట తల పట్టుకుంటారు. హాట్ రీలోడ్ స్టేట్‌ని (యాప్‌లో అప్పటికున్న డేటాని) అలాగే ఉంచి బిల్డ్ (స్క్రీన్‌ని వర్ణించే ఫంక్షన్) మాత్రమే మళ్ళీ నడుపుతుంది. మెయిన్ ఫంక్షన్, ఇనిట్‌స్టేట్, స్టాటిక్ ఫీల్డ్స్ మొదటి విలువలు, ఇవి మారిస్తే హాట్ రీస్టార్ట్ కొట్టాలి. కాట్లిన్, స్విఫ్ట్ ఫైళ్ళు ముట్టుకుంటే యాప్ పూర్తిగా ఆపి మళ్ళీ రన్ చేయాలి. ఇది బోర్డు మీద రాసి చెరపకుండా ఉంచండి.

6. విడ్జెట్‌ని పట్టుకుని మార్చే అలవాటు పోగొట్టండి

నేటివ్ వాళ్ళకి అసలు గోడ ఇదే. ఫైండ్‌వ్యూబైఐడీతో స్క్రీన్ మీది భాగాన్ని పట్టుకుని టెక్స్ట్ సెట్ చేయడం వేళ్ళలోకి ఎక్కిపోయి ఉంటుంది. టెక్స్ట్ విడ్జెట్‌ని ఒక వేరియబుల్‌లో దాచి, బటన్ నొక్కినప్పుడు దాని డేటా మార్చాలని చూస్తారు, ఫైనల్ (ఇక మార్చకూడనిది) అని ఎర్రర్ వస్తుంది, అప్పుడు గ్లోబల్ కీ (ఎక్కడి నుంచైనా విడ్జెట్‌ని పట్టుకునే హ్యాండిల్) ఉందటగా అని దాన్ని వెతికి తెస్తారు. ఒక పదిహేను నిమిషాలు వాళ్ళని అలా కొట్టుకోనివ్వండి. తర్వాత బిల్డ్‌లో ప్రింట్ పెట్టి సెట్‌స్టేట్ (డేటా మారిందని ఫ్లట్టర్‌కి చెప్పే కాల్) చూపించండి, బిల్డ్ ప్రతిసారీ నడుస్తుందని కన్సోల్‌లో కళ్ళారా చూడాలి. "ఇంత చిన్న మార్పుకి మొత్తం మళ్ళీ గీస్తుందా, స్లో అవ్వదా?" అని ఎవరో ఒకరు కచ్చితంగా అడుగుతారు. విడ్జెట్ అంటే ఒక చీటీ, స్క్రీన్ మీద గీసేది వేరే ఆబ్జెక్ట్, చీటీలు చించి కొత్తవి రాయడం చవక, అంతవరకు చెప్పి ఆపండి. రెండర్ ట్రీ మీద గంట లెక్చర్ ఇప్పుడొద్దు.

బిల్డ్ మళ్ళీ మళ్ళీ నడుస్తుందని ఒప్పుకున్నాక ఈ మూడు బగ్‌లు వాళ్ళ చేతే చేయించండి:

- ఫ్యూచర్‌బిల్డర్‌కి ఫ్యూచర్‌ని (తర్వాత వచ్చే జవాబుని) బిల్డ్ లోపలే క్రియేట్ చేసి ఇవ్వడం. స్క్రీన్ మీద చూస్తే ఒక లోడర్ మెరుపు తప్ప తప్పేం కనపడదు. ఏపీఐ ఫంక్షన్‌లో ప్రింట్ పెట్టి సెట్‌స్టేట్ నాలుగైదుసార్లు కొట్టమనండి, అన్ని కాల్స్ వెళ్ళుంటాయి. ఫ్యూచర్‌ని ఇనిట్‌స్టేట్‌లో ఫీల్డ్‌లో పెట్టుకోవాలి.
- ఏపీఐ జవాబు రాకముందే బ్యాక్ కొట్టడం. డిస్పోజ్ అయ్యాక సెట్‌స్టేట్ పిలిచారని ఎర్రర్ వస్తుంది. అవెయిట్ (జవాబు కోసం ఆగడం) తర్వాత మౌంటెడ్ (విడ్జెట్ ఇంకా ఉందా లేదా అనేది) చెక్ చేయాలి. యాక్టివిటీ (ఆండ్రాయిడ్‌లో ఒక స్క్రీన్) చచ్చిపోయాక కాల్‌బ్యాక్ వచ్చి క్రాష్ అవ్వడం చూసినవాళ్ళే అందరూ, పాత శత్రువే కొత్త చొక్కాలో వచ్చాడు.
- లిస్ట్‌లో ప్రతి ఐటెమ్ ఒక స్టేట్‌ఫుల్ విడ్జెట్, లోపల చెక్‌బాక్స్. మొదటిది టిక్ పెట్టి దాన్ని డిలీట్ చేస్తే టిక్ రెండో ఐటెమ్ మీదకి వచ్చేస్తుంది. ఐడీతో వాల్యూ కీ (ఏ ఐటెమ్ ఏదో ఫ్లట్టర్ గుర్తుపట్టే గుర్తు) ఇస్తే సరిపోతుంది. ఇండెక్స్‌ని కీగా ఇచ్చేవాళ్ళు ఉంటారు, ఇచ్చినా బగ్ అలాగే ఉంటుంది, అది కూడా చేసి చూడమనండి.

7. స్టేట్ మేనేజ్‌మెంట్ ఒక్కటే, మీ ప్రాజెక్ట్‌ది

యాప్ డేటాని స్క్రీన్లకి అందించే ప్యాకేజీలు చాలా ఉన్నాయి, ప్రొవైడర్, రివర్‌పాడ్, బ్లాక్, వాటిలో ఏది గొప్ప అనే డిబేట్ మొదలైతే ఆ రోజు పోయినట్టే. మీ ప్రాజెక్ట్‌లో ఏది వాడబోతున్నారో అదే నేర్పండి, మిగతావాటి పేరెత్తకండి. ఇంకా డిసైడ్ కాకపోతే ప్రొవైడర్‌తో వెళ్ళండి, నేర్చుకోవాల్సింది తక్కువ.

"నేటివ్‌లో ఇది ఒక్క లైన్ బాస్" అనే మాట కూడా రోజూ వస్తుంది. వాదించకండి, చాలాసార్లు వాళ్ళు చెప్పేది నిజమే. వైట్‌బోర్డ్ మూలన రాసిపెట్టి శుక్రవారం ఒక అరగంట వాటికే ఇవ్వండి.

ఏఐ అసిస్టెంట్ సంగతి చాలామంది అడుగుతున్నారు. 6వ స్టెప్ అయ్యేదాకా ఆఫ్ చేయించడమే మంచిదని నా అభిప్రాయం, ష్రింక్‌వ్రాప్ లాంటివి అది అడక్కుండానే రాసిచ్చేస్తుంది, పనిచేస్తుంది, మనవాళ్ళు ముందుకెళ్ళిపోతారు. తర్వాత ఆన్ చేసి, అది రాసిన స్క్రీన్‌ని రివ్యూ చేయమనడమే ఒక ఎక్సర్‌సైజ్‌గా ఇవ్వండి, బాగా ఉపయోగపడుతుంది. పాత వీడియోల విషయంలో కూడా జాగ్రత్త, రెయిజ్డ్ బటన్, ఫ్లాట్ బటన్ అని కనిపించగానే ఆ ట్యుటోరియల్ మూసేయమనండి, ఆ విడ్జెట్లు ఇప్పుడు ఫ్లట్టర్‌లోనే లేవు.

8. ప్లాట్‌ఫామ్ ఛానెల్ వాళ్ళనే చెప్పమనండి

ప్లాట్‌ఫామ్ ఛానెల్ అంటే డార్ట్ కోడ్, నేటివ్ కోడ్ మాట్లాడుకునే దారి. ఇప్పటిదాకా వాళ్ళ అనుభవం వాళ్ళకి అడ్డం పడుతూ వచ్చింది, ఇక్కడ అక్కరకొస్తుంది. ఒక ఆండ్రాయిడ్ మనిషి, ఒక ఐఓఎస్ మనిషి జంటగా కూర్చుని ఫోన్ బ్యాటరీ శాతం నేటివ్ నుంచి డార్ట్‌లోకి తేవాలి, ఒకరు కాట్లిన్, ఒకరు స్విఫ్ట్. ఛానెల్ పేరు రెండు వైపులా ఒక్క అక్షరం తేడా ఉన్నా మిస్సింగ్ ప్లగిన్ అని ఎర్రర్ వస్తుంది, ముందు అదే చూడమనండి. రెండు వారాలుగా మొహం మాడ్చుకుని కూర్చున్న సీనియర్ కూడా ఈ రోజు బోర్డు దగ్గరకి వస్తాడు.

9. రిలీజ్ బిల్డ్ చేయించకుండా పంపొద్దు

డీబగ్‌లో బ్రహ్మాండంగా నడిచిన యాప్, రిలీజ్ ఏపీకే (ఆండ్రాయిడ్ ఇన్‌స్టాల్ ఫైల్) ఇన్‌స్టాల్ చేస్తే ఒక్క ఏపీఐ కూడా పనిచేయదు. కారణం ఏంటంటే, కొత్త ప్రాజెక్ట్‌లో ఇంటర్నెట్ పర్మిషన్ డీబగ్, ప్రొఫైల్ మేనిఫెస్ట్‌లలో మాత్రమే ఉంటుంది, మెయిన్ మేనిఫెస్ట్‌లో (యాప్‌కి కావలసిన పర్మిషన్లు రాసే ఫైల్) మనమే రాయాలి. ముందే చెప్పేయకండి, వాళ్ళనే దొరకబుచ్చుకోనివ్వండి, ఆండ్రాయిడ్ వాళ్ళు ఐదు నిమిషాల్లో పట్టేస్తారు.

స్పీడ్ గురించి డీబగ్ మోడ్‌లో, ఎమ్యులేటర్ మీద ఎవరూ కామెంట్ చేయకూడదు. ప్రొఫైల్ మోడ్ (స్పీడ్ కొలవడానికి ఉన్న మోడ్), నిజమైన ఫోన్, పెర్ఫార్మెన్స్ ఓవర్‌లే (స్క్రీన్ మీద ఫ్రేమ్‌ల టైమ్ చూపే గ్రాఫ్), ఈ మూడూ ఉండాలి. 60 హెర్ట్జ్ స్క్రీన్ మీద ఒక ఫ్రేమ్‌కి 16 మిల్లీసెకన్లు దాటితే గ్రాఫ్‌లో ఎర్ర గీత కనిపిస్తుంది, అది కనిపించాకే "స్లో" అనాలి.

తెలుగు యూజర్లకి యాప్ చేస్తున్నట్టయితే ఇదొకటి కలపండి: పేరు ఫీల్డ్‌లో అక్షరాల లెక్క. "తెలుగు" అనే మాటకి డార్ట్ స్ట్రింగ్ లెంగ్త్ 6 అని చెబుతుంది, గుణింతం గుర్తులు విడిగా లెక్కేస్తుంది కాబట్టి. క్యారెక్టర్స్ ప్యాకేజ్ వాడితే 3 వస్తుంది. మొదటి అక్షరం తీసి గుండ్రటి అవతార్‌లో పెట్టే కోడ్ చాలా యాప్స్‌లో ఉంటుంది, అక్కడ సబ్‌స్ట్రింగ్ కొడితే "తె" బదులు "త" వస్తుంది.

వచ్చిందో లేదో ఎలా చూడాలి

మల్టిపుల్ చాయిస్ క్విజ్ పెట్టకండి, అందరికీ తొంభై వస్తాయి, దానివల్ల మీకేం తెలియదు. 3, 4, 6 స్టెప్స్‌లో చెప్పిన బగ్‌లు ఒక ఆరేడు దాచిన యాప్ ఒకటి మీరే తయారుచేసి ఇవ్వండి, ఎర్రర్ మెసేజ్ వచ్చేవి సగం, రానివి సగం. ఎర్రర్ వచ్చేవి అందరూ పట్టుకుంటారు. ఫ్యూచర్ బిల్డ్‌లో ఉన్నది, ష్రింక్‌వ్రాప్, ఇండెక్స్ కీ, ఈ మూడు చప్పుడు చేయని బగ్‌లు పట్టుకున్నవాళ్ళకి విషయం ఎక్కినట్టు. సరిచేయడంతో పాటు అది తప్పని ఎలా తెలిసిందో, ఏ ప్రింట్ పెట్టి చూశారో కూడా రాయించండి.

కంపెనీ యాప్‌లోంచి తీసుకున్న ఆ రెండు స్క్రీన్లు చివరి రోజుకి తయారై ఉండాలి, కోడ్‌లో తప్పులు వెతికే ఫ్లట్టర్ అనలైజ్ కొడితే ఒక్క వార్నింగ్ కూడా రాకూడదు, కనీసం రెండు విడ్జెట్ టెస్టులు పాస్ అవ్వాలి. ప్రొడక్షన్ సపోర్ట్‌లో ఉండి సగం సెషన్లకి రాలేకపోయినవాళ్ళకి రికార్డింగ్ పంపి ఊరుకోకండి, రికార్డింగ్ ఎవరూ చూడరు, ఆ బగ్గుల యాప్ ఇచ్చి ఎక్కడ ఆగారో ఆ స్టెప్ ఒక్కటే కూర్చోబెట్టి చేయించండి.

ట్రైనింగ్ అయిన వారంలోనే ప్రతి ఒక్కరికీ చిన్నదే అయినా నిజమైన టికెట్ ఒకటి పడేలా లీడ్‌తో ముందే మాట్లాడి పెట్టుకోండి, నెల గ్యాప్ వస్తే మళ్ళీ మొదటికొస్తారు. ఆ మొదటి పుల్ రిక్వెస్ట్ (రాసిన కోడ్‌ని ప్రాజెక్ట్‌లో కలపమని పంపేది) మీరే రివ్యూ చేయండి. ష్రింక్‌వ్రాప్, కారణం లేని ఆశ్చర్యార్థకాలు, బిల్డ్‌లో ఏపీఐ కాల్, గ్లోబల్ కీ, ఈ నాలుగు సెర్చ్ కొట్టండి. దొరికితే కామెంట్‌లో జవాబు రాసేయకుండా, ఒక ప్రింట్ పెట్టి రన్ చేసి కన్సోల్ అవుట్‌పుట్ అక్కడే పేస్ట్ చేయమనండి.